ఎత్తు పంజరం నుంచి పొడవు పంజరానికి: విజయవాడలో ఒక ఫించ్‌ల కేసు

పక్షులు పన్నెండు, అన్నీ ఫించ్‌లనే గింజలు తినే చిన్న పిట్టలు. జీబ్రా ఫించ్‌లు ఎనిమిది, బెంగాలీ ఫించ్‌లు నాలుగు. పటమటలో అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. పెంచుతున్నది రిటైరైన లెక్కల మాస్టారు, ఖర్చు పెడుతున్నది బ్యాంకులో పనిచేసే కోడలు. నా దగ్గరికి వచ్చేసరికి మూడు జీబ్రాలకు తల వెనక, వీపు మీద ఈకల్లేవు. ఒక పెట్ట గుడ్డు పెట్టలేక ఒళ్లంతా ఉబ్బించుకుని కూర్చుంది. అంతకు ముందు వారం ఒక పోతు తెల్లారేసరికి పంజరం అడుగున చచ్చి పడి ఉందట. ఆ రాత్రి రెక్కలు టపటపలాడిన చప్పుడు వినిపించిందని కోడలు చెప్పింది.

"మైట్సేమో, అదే ఈకల్లో చేరే పురుగులు, డాక్టర్ గారూ, మంచి స్ప్రే ఏదైనా రాయండి" అన్నారు మాస్టారు. షాపువాడిచ్చిన స్ప్రే ఒకటి అప్పటికే కొట్టారు.

ఈకల మధ్య పురుగు లేదు. రెట్ట పరీక్షలో చెప్పుకోదగ్గది ఏమీ కనిపించలేదు. చర్మం శుభ్రంగా ఉంది, పొట్టు లేదు, కుదుళ్లతో సహా ఈకలు మాత్రం పోయాయి. ఏ పక్షీ తన తల వెనక ఈకల్ని తన ముక్కుతో పీక్కోలేదు. అక్కడ బోడి అయిందంటే పీకింది పక్కనున్న పక్షే. గుడ్డు అడ్డం పడ్డ పెట్టకి వెచ్చదనం, కాల్షియం అందేసరికి ఆ రాత్రే గుడ్డు దిగింది. మిగతా వాటికి నేను మందు రాయలేదు. పంజరాన్ని వీడియో తీసి పంపమన్నాను.

వీడియోలో కనిపించింది రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఐదడుగుల ఎత్తున్న టవర్ పంజరం. ఫ్లైట్ కేజ్, అంటే ఎగరడానికి చోటున్న పంజరం అన్న పేరుతోనే అమ్మారు. లోపల పన్నెండు పక్షులూ పైన ఒక్క అడుగులోనే ఉన్నాయి. కింద నాలుగడుగులు ఖాళీ. గింజ తినడానికి దిగడం, వెంటనే పైకి పోవడం, అంతే. పై వరుసలో కర్రలు రెండే, ఆ కర్రల పక్కనే నాలుగు మట్టి కుండలు గూళ్లుగా వేలాడుతున్నాయి. ఒక పోతు కుండ మూతి దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి పక్షి మెడ మీదా పొడుస్తోంది. పొడిపించుకున్నది ఎటు పోవాలి? అవతలి కర్ర రెండడుగుల దూరం కూడా లేదు, అక్కడ ఇంకో కుండ, ఇంకో కాపలాదారు.

జీబ్రా ఫించ్ నాలుగు అంగుళాల పిట్ట. ఆస్ట్రేలియా ఎండు గడ్డి నేలల్లో గుంపులుగా, నేలకు సమాంతరంగా ఎగిరే జాతి అది. భయం వేస్తే పైకి పోతుంది, ఎగరాలనిపిస్తే అడ్డంగా పోతుంది. నిలువుగా ఎగబాకడం దానికి శ్రమ తప్ప వ్యాయామం కాదు. రెండున్నర అడుగుల పొడవులో, రెండు వైపులా కర్రల చోటు పోను మిగిలేది ఒక గెంతు. రెక్క పూర్తిగా విప్పకముందే వాలాల్సి వస్తుంది. నేను తూచిన పెట్టల్లో ఒకటి 19 గ్రాములుంది. పెంపుడు జీబ్రాలు మామూలుగా 12 నుంచి 16 గ్రాముల మధ్య ఉంటాయి. (ఇలాంటి పిట్టల్ని తూచడానికి బంగారం షాపువాళ్లు వాడే చిన్న డిజిటల్ కాటా బాగా పనికొస్తుంది. గుడ్డ సంచిలో పెట్టి తూచి, సంచి బరువు తీసేస్తే చాలు.)

దీన్నిబట్టి నేను తేల్చుకున్నది: చోటు కోసం, గూడు కోసం పోట్లాట; ఆగకుండా గుడ్లు పెట్టడం వల్ల కాల్షియం లోటు; రాత్రి బెదురు. చనిపోయిన పక్షికి పోస్ట్‌మార్టం జరగలేదు కాబట్టి మూడోది అనుమానమే. వాళ్ల టీవీ పదకొండింటి దాకా నడుస్తుంది, తర్వాత లైటు ఒక్కసారిగా ఆరిపోతుంది. చీకట్లో గోడ మీద బల్లి కదిలినా ఫించ్ బెదిరి లేచి కడ్డీలకు కొట్టుకుంటుంది.

కొనడమా, కట్టించడమా

కోడలు ముందు అడిగింది బాల్కనీ గురించి. జాలీ కొట్టేసి బాల్కనీ మొత్తం పక్షులకి ఇచ్చేద్దామంది. ఆలోచన మంచిదే కానీ ఆ బాల్కనీ పడమర వైపు. విజయవాడ మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. పైగా పావురాలు. వాటి రెట్ట ఏ జాలీకీ ఆగదు. దోమలు కుడితే పక్షులకు పాక్స్ అనే బొబ్బల జబ్బు అంటుకునే ప్రమాదం వేరే ఉంది. తూర్పు బాల్కనీ అయి, దోమతెర కూడా వేయించగలిగితే నా జవాబు వేరేగా ఉండేది. వీళ్లకు హాలే నయం అన్నాను.

రెడీమేడ్‌లో పెద్దవని వచ్చేవి ఎక్కువగా మూడడుగుల పొడవు, ఐదడుగుల ఎత్తు. హాల్లో తక్కువ చోటు ఆక్రమిస్తాయి కాబట్టి మనుషులకి అవి బాగుంటాయి. లెక్కల మాస్టారు కాబట్టి ఆయనకి లెక్కతోనే చెప్పాను. పాత పంజరం ఘనపరిమాణం పద్దెనిమిదిన్నర ఘనపుటడుగుల పైన. దాన్ని రెట్టింపు చేస్తూ ఎత్తు పెంచితే పక్షులకి ఒరిగేది సున్నా, ఎందుకంటే అవి వాడుకునేది పైన ఒక్క అడుగే. అదే పొడవు పెంచితే పై అడుగు మొత్తం పెరుగుతుంది. పది నిమిషాల్లో ఆయనే కాగితం మీద బొమ్మ గీసి, 'పై అడుగు వైశాల్యం' అని ఒక గడి పెట్టి లెక్కేశారు. పాతదానికి 3.75 చదరపు అడుగులు, ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల లోతు పెడితే 15. నాలుగింతలు.

హాలు గోడ తొమ్మిదడుగులు. ఒక కొసన బాల్కనీ అద్దాల తలుపు, ఇంకో కొసన పడకగది. ఆ అద్దం నుంచి రెండడుగులు వదిలి మిగతా చోట్లో పెట్టాలనుకున్నాం. అద్దం పక్కనే పెడితే పడమటి ఎండ, అద్దంలో నీడలు, రెండూ ఇబ్బందే. ఎదురుగా ఓపెన్ కిచెన్ ఉండటం నాకు నచ్చలేదు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యి మీద మరీ కాగితే టెఫ్లాన్ పూతలోంచి వచ్చే పొగ మనకి తెలియకముందే పక్షి ప్రాణం తీస్తుంది. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి మనలా ముందుకీ వెనక్కీ కాదు, గాలి సంచుల సాయంతో ఒకే దారిన పోతూ ఉంటుంది, గాలిలో ఏముంటే అదంతా పీల్చేస్తుంది. నాన్‌స్టిక్ పెనం తీసేసి ఇనప పెనం పెట్టుకోమన్నాను. దోమల కాయిల్ బంద్. శుక్రవారం సాంబ్రాణి దగ్గర కొంచెం బేరం నడిచింది. పూజగది తలుపు వేసి, కిటికీ తీసి వేసుకుంటామన్నారు.

కట్టుబడి

ఆటోనగర్‌లో కిటికీ గ్రిల్స్ చేసే ఒక వెల్డింగ్ షాపులో చేయించాం. ఎత్తు నాలుగడుగులు. దానికి కారణం పక్షి కాదు, జాలీ. వెల్డ్ మెష్ చుట్ట నాలుగడుగుల వెడల్పులో దొరుకుతుంది. ముందు వైపు ఆరడుగుల ముక్క, రెండు పక్కలకి రెండున్నర చొప్పున రెండు, పైకప్పుకి ఇంకో ఆరు: పదిహేడు అడుగుల చుట్టతో ఎక్కడా అతుకు లేకుండా అయిపోయింది. అతుకు ఉన్నచోట తీగ కొసలు పొడుచుకొస్తాయి, వేళ్లు ఇరుక్కుంటాయి. వెనక వైపు జాలీ వద్దని, కడగడానికి వీలుగా తెల్లటి ఏసీపీ షీటు (ప్లాస్టిక్‌కి రెండు వైపులా అల్యూమినియం రేకు అంటించిన పలక) వేయించాను. నాలుగు వైపులా జాలీ ఉంటే ఫించ్‌కి వెన్ను కాచుకునే చోటు ఉండదు.

జాలీ కన్ను అర అంగుళం. అంతకు మించితే గూడు దిగిన కొత్త పిల్ల తల దూరుస్తుంది. అయితే మెష్ సరిగ్గానే తెచ్చి, తలుపు దగ్గరా ట్రే దగ్గరా అంతకంటే పెద్ద సందు వదిలేయడం ప్రతి షాపులో జరిగేదే. వెల్డింగ్ షాపతనికి నేను చెప్పిన పరీక్ష ఒకటే: చిటికెన వేలు గోరు దాటి దూరితే ఆ సందుకి పట్టీ వేయాలి. రెండు చోట్ల దూరింది, వేశాడు.

కోడలు స్టెయిన్‌లెస్ మెష్ కావాలంది, జింక్ విషమని ఎక్కడో చదివిందట. చదివింది నిజమే. కొత్త జీఐ మెష్, అంటే జింక్ పూత వేసిన ఇనప జాలీ మీద గడ్డకట్టిన జింక్ బొట్లు, తెల్ల పొడి ఉంటాయి, కొరికిన పక్షికి అది విషం. కానీ కడ్డీల్ని కొరికే అలవాటు చిలకలది. ఫించ్ ముక్కు గింజ పొట్టు తీయడానికే. కాబట్టి వెల్డింగ్ తర్వాత పూత వేసిన జీఐ మెష్ తీసుకుని, బొట్లు గీకించి, వెనిగర్ పోసి కొబ్బరిపీచు బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడిగి ఎండలో పెట్టించాను. స్టెయిన్‌లెస్‌కి పెట్టే డబ్బు పొడవుకి పెట్టమన్నాను. చిలకల కేసయితే ఈ మాట చెప్పను. ముందు వైపు ప్యానెల్‌కి మాత్రం నల్ల పౌడర్ కోటింగ్ చేయించాం. మెరిసే జాలీ ముందు చూపు ఆగిపోతుంది, నలుపు అయితే జాలీ మరిచిపోయి పక్షిని చూస్తాం.

అన్నిటికంటే ఎక్కువసేపు వాదన జరిగింది తలుపుల మీద. షాపతను అలవాటు ప్రకారం ముందు వైపు మధ్యలో, ఛాతీ ఎత్తులో, పెద్ద తలుపు గీశాడు. మనిషికి అదే సుఖం. కానీ చెయ్యి లోపలికి రాగానే ఫించ్ పైకి, వెలుగు వైపుకి పోతుంది, ఆ ఎత్తులో తలుపు ఉంటే నేరుగా హాల్లోకే. పెద్ద తలుపుని అడుగు భాగానికి దించాం, రెండడుగుల చదరం. రోజూ వాడే గింజ, నీళ్ల కోసం రెండు కొసలా అరచెయ్యి పట్టేంత చిన్న తలుపులు. పైకి లాగి వదిలే స్లైడింగ్ తలుపు వద్దన్నాను, జారి పిట్ట మెడ మీద పడుతుంది. అన్నీ కబ్జాలతో పక్కకి తెరుచుకునేవే. బయటి పక్షిశాలల్లో రెండు తలుపుల గది పెడతారు, హాల్లో ఎక్కడ పెడతాం? పెద్ద తలుపు పైన కొక్కేలకి పాత దోమతెర ముక్క వేలాడదీశాం. శుభ్రం చేసేటప్పుడు దాన్ని భుజాల మీదుగా కప్పుకుని చేతులు లోపల పెట్టాలి. దానికి ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. ఈ రెండో మాట స్విచ్ బోర్డు మీద కాగితం అంటించి రాయించాను.

ఆరడుగుల ట్రే ఒకే ముక్కగా చేస్తే మధ్యలో వంగుతుంది, ఒక్కరు లాగలేరు. మూడడుగులవి రెండు చేయించాం, ట్రే బయటికొస్తే సందు మూసుకునేలా లోపలి వైపు వేలాడే రేకు పెట్టించి. కింద కడ్డీల అడుగు వేయించలేదు, ఫించ్‌లు నేల మీద గెంతుతూ ఏరుకు తినడం ఇష్టపడతాయి. గింజ పొట్టు హాలంతా ఎగరకుండా ముందు అంచున ఎనిమిది అంగుళాల యాక్రిలిక్ పట్టీ, మసకది. పూర్తిగా ఆగదు. రోజుకోసారి చీపురు తప్పదని కోడలికి ముందే చెప్పాను.

పంజరం కింద రెండున్నర అడుగుల స్టాండు, బ్రేకులున్న చక్రాలు. పై కర్రలు మన కంటికి సమంగానో కొంచెం పైనో ఉంటే ఫించ్‌లు కుదురుగా ఉంటాయి, పైనుంచి వంగి చూసే మనిషి వాటికి గద్దే. ప్యానెళ్లన్నీ నట్టు బోల్టులతో బిగించేవి కాబట్టి లిఫ్టులో విడివిడిగా వచ్చాయి. ఫ్రేమ్ నట్టనడుమ, కిందా పైనా ఒక అల్యూమినియం చానెల్ వేయించాను. ఎందుకో అప్పుడు షాపతనికి అర్థం కాలేదు. అందులో జాలీ పలక జారిస్తే పంజరం రెండు గదులవుతుంది.

లోపల

కర్రలు జామ, వేప కొమ్మలు. ఎనిమిది నుంచి పన్నెండు మిల్లీమీటర్ల మందం, ఒక్కో కొమ్మలోనే సన్నం లావు రెండూ ఉండేలా. ఒకే లావున్న నున్నటి రూళ్లకర్ర మీద ఏళ్ల తరబడి కూర్చుంటే పాదం ఒకే చోట ఒత్తుకుని పుండు పడుతుంది. రెండు కొసలా మాత్రమే కొమ్మలు, మధ్యలో నాలుగడుగులకు పైగా ఖాళీ. ముఖ్యమైనది ఇంకొకటుంది: రెండు కొసల్లోనూ పై కొమ్మలు సరిగ్గా ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి రెండంగుళాలు పైకున్నా అందరికీ అదే కావాలి. మాస్టారు స్కేలు పెట్టి కట్టారు. చివరి కొమ్మకీ జాలీకీ మధ్య నాలుగంగుళాలు వదలమన్నాను, తోక రాసుకుని చిట్లకుండా. గింజ, నీళ్లు కొమ్మల కింద పెట్టకూడదు.

మట్టి కుండలన్నీ తీసేశాం. కొబ్బరిపీచు కూడా. జీబ్రా ఫించ్‌కి గుడ్లు పెట్టే రుతువంటూ కచ్చితంగా లేదు, తిండి, నీరు, గూడు దొరికితే ఎప్పుడైనా పెడుతుంది. నాలుగు నుంచి ఆరు గుడ్లు, రెండు వారాల్లోపు పిల్లలు, మూడు నెలలు తిరిగేసరికి ఆ పిల్లలే గుడ్లకి సిద్ధం. ఉడికిన గుడ్డు, నానబెట్టిన గింజలు ఆపి, కొర్రలు, సామలు పొడివే పెట్టమన్నాను. కాల్షియం కోసం కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్రజీవి లోపలి పెంకు) ఎప్పుడూ ఉండాలి, దాంతో పాటు ఉడికించి ఎండబెట్టి దంచిన కోడిగుడ్డు పెంకు. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో విటమిన్ డి తయారీకి కావలసిన యూవీ-బీ కిరణాలు దాదాపు ఉండవు, అందుకే విటమిన్ డి3 విడిగా రాశాను.

జీబ్రాల్లో పోతులు ఐదు, పెట్టలు మూడు. బుగ్గ మీద నారింజ మచ్చ ఉన్నవి పోతులు, చూడగానే తెలుస్తుంది. ఈ లెక్కలో పెట్టలకి నెమ్మది ఉండదు. రెండు పోతుల్ని మాస్టారి పాత విద్యార్థి ఒకరు తీసుకెళ్లారు. బెంగాలీల్లో ఆడామగా రూపంలో తేడా ఉండదు, పాడేది పోతు. వాటితో ఎవరికీ గొడవ లేదు, వదిలేశాం. మొత్తం పది.

ఇంత పెద్ద పంజరం చూసేసరికి మాస్టారికి కొత్త పక్షుల మీద మనసు పోయింది. జావా పిచ్చుకలు ఒక జత, ఎర్ర మునియాలు ఒక నాలుగు అన్నారు. మునియాలు మన దేశపు పక్షులు, పొలాల్లో మనం జీనువాయి అనే పిట్టల జాతే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. సంతలో రంగులద్ది విదేశీ పక్షులని అమ్మేవీ ఉంటాయి. జావా విదేశీదే, కానీ వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేయాలి. కాగితాల సంగతి అటుంచితే, దాని ముక్కు జీబ్రా ముక్కుకి రెట్టింపు లావు. పోట్లాట తగ్గించడానికి కట్టిన పంజరంలో దాన్ని వేయనివ్వలేదు.

వదిలాక

అన్ని పక్షుల్నీ ఒకే ఉదయం, ఒకేసారి వదిలించాను. ముందు రెండిటిని, తర్వాత మిగతావాటిని వదిలితే ముందు వెళ్లినవి కొమ్మలు పంచేసుకుంటాయి. మొదట అన్నీ ఒక కొసన గుంపుగా కూర్చున్నాయి. కాసేపటికి ఒక బెంగాలీ అవతలి కొసకి ఎగిరింది, వాలబోతూ కొమ్మ దాటిపోయి జాలీని పట్టుకుంది. పాత పంజరంలో వేగం తగ్గించుకోవాల్సిన అవసరమే దానికి ఎప్పుడూ రాలేదు. 19 గ్రాముల పెట్ట మాత్రం సగం దూరంలో నేలకి దిగిపోయింది, ముక్కు తెరిచి ఆయాసపడింది. దాని కోసం మధ్యలో, నేల నుంచి అడుగు ఎత్తులో, ఒక కొమ్మ కట్టాం. రెండు అంచెల్లో దాటుతూ దాటుతూ నేరుగా దాటడం వచ్చాక ఆ కొమ్మ తీసేశాం. ఇప్పుడు 16 గ్రాములు.

రాత్రికి పంజరం ఎదుటి గోడకి జీరో బల్బు. టీవీ చూడాలంటే పంజరం ముందు ఒక తెర. హాలు లైటు ఆర్పే ముందు జీరో బల్బు వెలగాలి, తర్వాత కాదు. మళ్లీ రాత్రి టపటపలు వినలేదన్నారు.

కుదుళ్లతో పీకిన ఈక వెంటనే మొలవడం మొదలవుతుంది, విరిగిన ఈక మాత్రం ఈకలు రాల్చుకునే కాలం దాకా ఆగాలి. అందుకని బోడి తలలు నెల తిరిగేసరికి నిండాయి. రెండిటికి. మూడోదానికి మెడ వెనక మళ్లీ పోయాయి. మాస్టారు పంజరం ఎదురుగా కుర్చీ వేసుకుని ఓ పూటంతా కూర్చుని దొంగని పట్టారు: పాత పంజరంలో కుండ కాసిన పోతే. గూడు లేకపోయినా గింజల గిన్నెని గూడు చేసుకుని కాపలా కాస్తోంది. లోతు గిన్నెలు తీసి వెడల్పు పళ్లేలు పెట్టాం, ఓ మోస్తరుగా తగ్గింది. ఆ తర్వాత మధ్య చానెల్‌లో జాలీ పలక దించి, దాన్నీ దాని జతనీ ఒక వైపుకి మార్చాం. మూడడుగులు ఆ రెండిటికీ, మూడడుగులు మిగతా ఎనిమిదిటికీ అయ్యేసరికి పొడవంతా పోయింది. అది తాత్కాలికమే. పలక తీశాక పీకుడు మళ్లీ మొదలైతే ఆ జతని వేరే ఇంటికి పంపాలని చెప్పాను. మాస్టారు ఒప్పుకోవడం లేదు. బాల్కనీ అద్దం వైపు వదిలిన రెండడుగుల్లోకి పంజరం పొడిగిద్దామంటున్నారు, ప్యానెళ్లు బోల్టులవే కాబట్టి పని కష్టం కాదని షాపతన్ని అడిగొచ్చారు కూడా. అద్దానికి ఎండ ఆపే ఫిల్మ్ అంటించి, మధ్యాహ్నం మూడింటికి ఆ మూల ఉష్ణోగ్రత ఎంతుందో ఓ వారం రాసి చూపించమన్నాను.